నాన్నకు సరిపోయే సఫారీ: కెన్యాలో తొమ్మిది రోజులు

నాన్న ముప్ఫై రెండేళ్లు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పశువుల డాక్టరుగా పనిచేశాడు. ఉట్నూరు, జన్నారం, ఖానాపూర్, ఎక్కడ వేస్తే అక్కడే మా కాపురం. చిరుత కరిచిన లేగదూడలకు ఆయన లాంతరు వెలుగులో కుట్లు వేస్తుంటే నేను పక్కన నిలబడి చూసిన రాత్రులు ఇప్పటికీ గుర్తే. ఆఫ్రికా చూడాలన్నది ఆయన పాత కోరిక. అమ్మ పోయాక ఆ మాట ఎత్తడం మానేశాడు. ఆయనకు 69 నిండాయి. ఇప్పుడు కాకపోతే ఇక కుదరదనిపించి, ఫిబ్రవరిలో ఆయన్నీ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయినీ తీసుకుని కెన్యా వెళ్లొచ్చాను.

టికెట్లు కొనడానికి ముందు మూడు నెలలు ప్యాకేజీలు చదవడంతోనే సరిపోయింది. అన్నిట్లోనూ అవే సింహాలు, అవే ఏనుగులు. ధరలో మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ అయిదారు రెట్ల తేడా. ఎందుకని ఒక్కో ప్యాకేజీని విడదీసి చూస్తే అర్థమైంది. బండిలో మనతో పాటు ఇంకెవరు కూర్చుంటారు, రాత్రి పార్కు లోపల పడుకుంటామా గేటు బయటా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి రోడ్డు మీద పోతామా చిన్న విమానంలోనా, డబ్బంతా ఈ మూడింటి దగ్గరే పోతుంది. అన్నిటికన్నా చవకైనది, ముక్కూమొహం తెలియని ఆరేడుగురితో పైకప్పు లేచే వ్యాన్‌లో వెళ్లే జాయినింగ్ సఫారీ. తర్వాతది మనకంటూ ఒక ల్యాండ్ క్రూజర్, ఒక డ్రైవర్-గైడ్ పెట్టుకుని లాడ్జి నుంచి లాడ్జికి తిరగడం. ఆ పైన విమానంలో దిగి ఒకే క్యాంపులో ఉండిపోవడం.

నేను మొదట వేసుకున్న ప్లాన్‌లో ఏడు రోజులకు అయిదు పార్కులున్నాయి. అంత దూరం వెళ్లి ఏదీ వదలకూడదన్న ఆశ. నైరోబీలో పదేళ్లుగా ఉంటున్న నా చిన్ననాటి స్నేహితురాలికి ఫోన్ చేసి చదివి వినిపించాను. అంతా విని, "రోజుకు ఆరు గంటలు బండిలో కుదిపి బాబాయ్‌కి ఏం చూపిద్దామనే?" అంది. ఆ ఒక్క మాటతో సంబూరు, నకూరు కొట్టేశాను. రోజులు రెండు పెంచాను. అంబోసెలి, నైవాషా, మసాయి మారా మిగిలాయి.

ఫిబ్రవరి అనగానే చాలామంది పెదవి విరిచారు. వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు మారా నది దాటేది జులై నుంచి అక్టోబరు మధ్య, అది చూడకపోతే మారా ఎందుకన్నారు. కానీ మారా రిజర్వ్ టికెట్ జూన్ దాకా పెద్దలకు రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. నది ఒడ్డున బండ్ల వరసలో గంటల తరబడి ఎదురుచూడటం నాన్న వల్ల కాదు. సింహాలు, చిరుతలు ఎటూ పోవు, ఏడాదంతా అక్కడే ఉంటాయి. నేనైతే మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు ఫిబ్రవరే మంచిదంటాను.

ఇక టీకా. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో యెల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో రిస్క్ కాస్త ఎక్కువ కాబట్టి ముందు మన డాక్టర్‌తో మాట్లాడి తీరాలి. నాన్న రిపోర్టులన్నీ చూపించి, డాక్టర్ సరే అన్నాకే వేయించాం. మలేరియా మాత్రలు కూడా ఆయన్నే అడిగి తీసుకున్నాం.

మొదటి రోజు: నైరోబీ

ముంబై నుంచి ఆరు గంటల విమానం. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకున్నాం. ఆ రోజుకు విశ్రాంతి తీసుకోమని అందరూ చెప్పారు గానీ, మధ్యాహ్నం నిద్రపోయి లేచాక నాన్న బూట్లు వేసుకుని వరండాలో కూర్చున్నాడు. సాయంత్రం మూడు గంటలకి నైరోబీ నేషనల్ పార్కులో ఉన్నాం.

117 చదరపు కిలోమీటర్ల పార్కు, 1946లో పెట్టారు, కెన్యాలో ఇదే మొదటిది. ఊరికి ఆనుకునే ఉంటుంది. జిరాఫీ మెడ వెనక ఆకాశహర్మ్యాలు కనిపిస్తాయి, రైలు వంతెన స్తంభాల కింద జీబ్రాలు మేస్తుంటాయి. మా అబ్బాయి మొదటి ఖడ్గమృగాన్ని ఇక్కడే చూశాడు. ఒక్క పూటే టైమున్నవాళ్లకు ఇది చాలా మంచి సఫారీ. దీన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడొద్దని నా మనవి.

లోపల ఒకచోట ఏనుగు దంతాలు తగలబెట్టిన స్థలం ఉంది. 1989 జులైలో అప్పటి అధ్యక్షుడు డానియెల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతాలకు ఇక్కడ నిప్పు పెట్టాడు. 2016లో ఇదే పార్కులో 105 టన్నులు కాల్చారు. బూడిద కుప్ప ముందు నాన్న చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గైడ్‌ని ఒక్క ప్రశ్న అడిగాడు: "ముగుగా ఇక్కడికి ఎంత దూరం?" గైడ్ ఆశ్చర్యపోయాడు. టూరిస్టులెవరూ ఆ ఊరి పేరు అడగరట. ఎల్లుండి కాక ఆవలెల్లుండి నైవాషా వెళ్లే దారిలోనే వస్తుందన్నాడు.

రెండో రోజు: అంబోసెలి దారి

పొద్దున ఆరింటికి హోటల్ ముందుకు వ్యాన్ వచ్చింది. ఒప్పందంలో ల్యాండ్ క్రూజర్ అని స్పష్టంగా రాసి ఉంది. బండ్లు ఖాళీ లేవు, ఇది కూడా బాగుంటుందని ఏర్పాటు చేసినతను ఫోన్‌లో సర్దిచెప్పబోయాడు. నేను ఒప్పుకోలేదు. గంటన్నర తర్వాత ల్యాండ్ క్రూజర్ వచ్చింది. వ్యాన్ చెడ్డదని నేననను, పొడి నేల మీద బాగానే నడుస్తుంది. కానీ ల్యాండ్ క్రూజర్ ఎత్తుగా ఉంటుంది, సీట్ల మధ్య కాళ్లు చాపుకోవచ్చు, గతుకుల్లో నడుముకు దెబ్బ తక్కువ. 69 ఏళ్ల మనిషికి ఇదే ముఖ్యం. బండి రకం, కిటికీ సీట్ల సంఖ్య కాగితం మీద రాయించుకోండి. రాసి ఉండబట్టే ఆ పొద్దున నా మాట నెగ్గింది.

వచ్చిన గైడ్ చాలా మంచివాడు. చొక్కా మీద కెన్యా ప్రొఫెషనల్ సఫారీ గైడ్స్ అసోసియేషన్ వెండి బ్యాడ్జి. వాళ్లకు కంచు, వెండి, బంగారం అని మూడు స్థాయిల పరీక్షలుంటాయి. లాడ్జిలో స్విమ్మింగ్ పూల్ ఉందా అని అడిగే బదులు గైడ్‌కి ఏ బ్యాడ్జి ఉందో అడగాలని అప్పుడే తెలిసింది.

మొంబాసా రోడ్డు మీద ఎమాలి దాకా లారీల వెనక నడిచాం. అక్కడ కుడికి తిరిగాక రోడ్డు ఖాళీ అయింది, ఎర్రమట్టి, తుమ్మచెట్లు, ఎర్ర దుప్పట్లు కప్పుకున్న మసాయి పశువుల కాపర్లు. ఒక మందను చూసి నాన్న బండి ఆపించాడు. "ఇవి సాహీవాల్ పోలికలు బిడ్డా. ఆ గంగడోలు చూడు, ఆ రంగు చూడు" అన్నాడు. నిజమే. సాహీవాల్ పశువుల్ని మన ఉపఖండం నుంచే కెన్యాకు తెచ్చారు, నైవాషాలో వాటికోసం ప్రభుత్వ కేంద్రమే ఉంది. మసాయిలు తమ ఆవులకు ఆ కోడెల్ని కట్టించారు. ఏనుగుల్ని చూడటానికి వచ్చిన నాన్నకు ముందు చుట్టాలు ఎదురైనట్టు అయింది.

మూడో రోజు: అంబోసెలి

తెల్లవారి ఆరుకి బయటికొస్తే కిలిమంజారో. పర్వతం టాంజానియాలో ఉంది, చూడాల్సింది ఇక్కడి నుంచి. 5,895 మీటర్లు. శిఖరం మీద మిగిలిన కాస్త మంచు గులాబీ రంగులో మెరుస్తోంది. పది గంటలకల్లా మబ్బు కప్పేసింది, మళ్లీ సాయంత్రం అయిదున్నర దాకా కనిపించలేదు. అందుకే అంబోసెలిలో ఒక్క రాత్రి చాలదు.

392 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న పార్కులో బూడిద లాంటి ధూళి రేగుతుంటుంది. ఆ ధూళి మధ్య పచ్చటి చిత్తడి నేలలు. కిలిమంజారో మీద పడ్డ నీళ్లు నేలలోకి ఇంకి, లోలోపలే ప్రయాణం చేసి ఇక్కడ ఊటలుగా పైకి వస్తాయి. పొద్దున ఎండునేల మీంచి ఏనుగుల గుంపులు ఒక్కొక్కటే వచ్చి ఆ నీళ్లలో దిగుతాయి, సాయంత్రం తిరిగి పోతాయి. అదే వాటి దినచర్య. మనం వాటి వెంట పడక్కర్లేదు, దారి పక్కన ఇంజన్ ఆపి కూర్చుంటే చాలు.

ముప్పావు గంట ఒకేచోట కూర్చున్నాం. ఇరవై మూడు ఏనుగులు మా బండికి ఇరవై అడుగుల దూరంలో దారి దాటాయి. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, నడుమ పిల్లలు, వెనక ఇంకో పెద్దది. ఒక బుల్లి ఏనుగు దారి మధ్యలో ఆగి తొండం ఎత్తి మమ్మల్ని వాసన చూసింది. మా అబ్బాయి ఊపిరి బిగబట్టాడు. ఏనుగు కుటుంబాలు పెద్దామె మాట మీద నడుస్తాయన్న సంగతి మనకిప్పుడు మామూలు విషయం. అందులో చాలా భాగం ఇక్కడి ఏనుగుల్ని చూసి రాసుకున్నదే. సింథియా మాస్ 1972లో ఇక్కడ పరిశోధన మొదలుపెట్టింది. ఒక్కో ఏనుగును చెవి అంచుల చిరుగుల్ని బట్టి గుర్తుపట్టి, ఒక్కోదానికి పేరు పెట్టి, తరాలుగా లెక్క రాస్తున్నారు.

ఆ ముప్పావు గంటలో మా పక్కన మూడు బండ్లు ఆగి వెళ్లిపోయాయి. ఒక జాయినింగ్ వ్యాన్‌లో ఒకాయన ఇంకాసేపు ఉందామంటున్నాడు, ఇంకొకామె సింహం కావాలంటోంది, డ్రైవర్ ఇద్దరి మధ్యా నలిగి చివరికి బండి తిప్పాడు. ఉందామన్నాయన మొహంలో నిరాశ నాకు స్పష్టంగా కనిపించింది. చవక సఫారీలో మనం వదులుకునేది మెత్తటి పరుపో, మంచి భోజనమో అనుకుంటాం. అసలు వదులుకునేది "ఇంకాసేపు ఉందాం" అనే హక్కు. మధ్యతరగతి డబ్బుతో ఏదో ఒకటే కొనుక్కోగలమంటే, లాడ్జి స్థాయి తగ్గించి సొంత బండి తీసుకోండి. ఈ మాట నేను ఎవరికైనా గట్టిగానే చెబుతాను.

భోజనానికి భయపడ్డాం గానీ అవసరం లేకపోయింది. చపాతీ, "న్డెంగు" అనే పెసల కూర ప్రతిచోటా దొరికాయి. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలిని చూసి నాన్న, "మక్క గట్క గట్టిగా వండినట్టుంది" అని రెండుసార్లు పెట్టించుకున్నాడు. చాయ్ మన చాయే.

నాలుగో రోజు: రోడ్డు

ఈ రోజు నా ప్లాన్‌లో తప్పు. అంబోసెలి నుంచి నైరోబీ మీదుగా నైవాషా అంటే పొద్దున ఏడింటికి బయల్దేరితే చేరేసరికి మూడున్నర. నైరోబీ ట్రాఫిక్‌లోనే గంటన్నర పోయింది. నాన్న నడుం పట్టేసింది. మధ్యలో నైరోబీలో ఒక రాత్రి ఆగి ఉండాల్సింది.

ఒక్కటే ఊరట, ముగుగా. రిఫ్ట్ లోయ అంచుకు ఎక్కే దారిలో గైడ్ గుర్తుపెట్టుకుని బండి పక్కకు ఆపాడు. పశువైద్య పరిశోధన కేంద్రం ఉన్న చోటు. చూడటానికి చెట్లు, గేట్లు, ఒక బోర్డు. నాన్న దిగి నిలబడ్డాడు. రిండర్‌పెస్ట్, పశువుల్ని చంపే ఈ రోగాన్ని మన ఊళ్లలో ముసర రోగమనేవాళ్లు, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో దాని టీకాలు భుజానికి ఐస్ డబ్బా తగిలించుకుని గూడేలు తిరిగి వేశాడు. ఆ టీకా ఈ ముగుగాలో తయారైంది. వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్యుడు 1960 ప్రాంతంలో కణాల మీద వైరస్‌ని పెంచి, బలహీనపరిచి దాన్ని చేశాడు. 2011లో ప్రపంచంలో రిండర్‌పెస్టే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు ఇది. నాన్న చేతులు కట్టుకుని అయిదు నిమిషాలు నిలబడి వచ్చి బండెక్కాడు. ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

అయిదో రోజు: నైవాషా

ఈ రోజు బండికి సెలవు, కాళ్లకు పని. వరసగా అన్ని రోజులూ బండిలోనే తిరిగితే ఎంత గొప్ప జంతువు కనిపించినా కళ్లు అలిసిపోతాయి. మధ్యలో ఇలాంటి రోజు ఒకటి ఉండాలి.

పొద్దున పడవలో సరస్సు మీదికి వెళ్లాం. కొన్నేళ్లుగా నీటిమట్టం పెరిగి ఒడ్డున ఉన్న తుమ్మజాతి చెట్లు మునిగి ఎండిపోయాయి. మోడుబారిన ఆ కొమ్మల మీద చేపల గద్దలు కూర్చుని అరుస్తున్నాయి. పసుపు బెరడుండే ఆ చెట్లను ఫీవర్ ట్రీ అంటారు. మొదట్లో వచ్చిన తెల్లవాళ్లు జ్వరం ఆ చెట్ల వల్లే వస్తుందనుకున్నారట. జ్వరం తెచ్చింది చెట్ల కింది నీళ్లలో పుట్టిన దోమలు. నీటిగుర్రాల గుంపుకు పడవవాడు బాగా దూరం పాటించాడు, అది నాకు నచ్చింది.

క్రెసెంట్ ఐలాండ్‌లో దిగి నడిచాం. సింహాల్లాంటి పెద్ద వేటజంతువులు లేవు కాబట్టి జిరాఫీల మధ్య, జీబ్రాల మధ్య మామూలుగా నడిచిపోవచ్చు. బండి ఎత్తు నుంచి చూసే జిరాఫీ వేరు, నేల మీద నిలబడి తలెత్తి చూసే జిరాఫీ వేరు. గడ్డి తెంపుతున్న జీబ్రాల పళ్ల చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. నాన్న మెల్లగా రెండు గంటలు నడిచాడు. నిన్నటి నడుం నొప్పి మాటే ఎత్తలేదు.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాడు. మా అబ్బాయి, గైడ్ హెల్స్ గేట్ పార్కుకి పోయి అద్దె సైకిళ్ల మీద కొండ గోడల మధ్య తిరిగొచ్చారు. పక్కన అడవి పందులు, జింకలు, దూరంగా ఓల్కారియా భూతాప విద్యుత్ కేంద్రం ఆవిర్లు. దుమ్ము కొట్టుకుని, నవ్వుతూ వచ్చాడు. ఈ మొత్తం ట్రిప్‌లో వాడికి అన్నిటికన్నా నచ్చింది ఆ సైకిలే. పద్నాలుగేళ్ల పిల్లాడికి సఫారీ ఎంచేటప్పుడు వాడి కాళ్లకూ ఒక పూట కేటాయించాలి.

ఆరో రోజు: మసాయి మారా రిజర్వ్

నారోక్ మీదుగా సెకెనాని గేటు దాకా మంచి తారు రోడ్డు. గేటు బయట టెంట్ల క్యాంపులో సామాను పెట్టి మధ్యాహ్నం లోపలికి పోయాం. టికెట్ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే, అందుకని ఆలస్యంగా లోపలికి పోతే డబ్బు దండగ. ఇది ముందే తెలిసుంటే నైవాషాలో ఇంకో గంట ముందు లేచేవాళ్లం.

1,510 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం. ఒక్కో చెట్టు విడిగా, ఎవరో కొలిచి నాటినట్టు నిలబడి ఉంటుంది. గంటలోపే సింహాలు, పుట్ట మీద కూర్చున్న చీతా. తర్వాత రేడియోలో ఏదో మాట వినిపించింది. తలెక్ నది ఒడ్డున చిరుతపులి. మేం వెళ్లేసరికి అప్పటికే పదిహేడు బండ్లు, ఇంకా వస్తున్నాయి. చెట్టు మీద చిరుత పడుకుని ఉంది. ఇంజన్ల మోత, డీజిల్ వాసన, ముందుకు జరగమని డ్రైవర్ల కేకలు. అది కిందికి దిగాలని రెండుసార్లు లేచి, బండ్లను చూసి మళ్లీ వెనక్కి తగ్గింది.

"దానికి దాహంగా ఉన్నట్టుంది. మనం పోదాం" అన్నాడు నాన్న. అంత దగ్గరగా చిరుతను చూడటం మా ముగ్గురికీ అదే మొదటిసారి. అయినా మా అబ్బాయి కూడా మారు మాట్లాడలేదు. గైడ్ బండి తిప్పుతూ థాంక్యూ అన్నాడు, అది నాన్నకే.

ఏడో రోజు: నబోయిషో

రిజర్వ్‌కి ఉత్తరాన, తూర్పున మసాయిల సొంత భూముల్లో కన్జర్వెన్సీలు, అంటే జంతువుల కోసం వదిలిన మైదానాలు, ఉన్నాయి. మేం వెళ్లింది వాటిలో ఒకటైన నబోయిషోకి. ఈ ప్రయాణంలో నేను ఎక్కువ డబ్బు పెట్టింది ఇక్కడే. గేటు బయటి క్యాంపులో మూడు రాత్రులకయ్యేది ఇక్కడ ఒక్క రాత్రికి అయింది. రెండు రాత్రులు ఉన్నాం. మా డ్రైవర్-గైడ్ మమ్మల్ని క్యాంపులో దింపి నైరోబీ తిరిగిపోయాడు. వీడుకోలు చెప్పేటప్పుడు ముగ్గురికీ గొంతు పట్టేసింది.

నబోయిషో 2010లో మొదలైంది. అంతకుముందు ఆ భూమి ఉమ్మడిగా ఉండేది, తర్వాత కుటుంబాల వారీగా పంచారు. ఎవరి ముక్కకు వాళ్లు కంచె వేసుకుంటే జంతువుల దారులు మూసుకుపోతాయి. అందుకని 500కు పైగా భూయజమానులు తమ భూముల్ని కలిపి క్యాంపులకు కౌలుకిచ్చారు. నెలనెలా కౌలు డబ్బు వస్తుంది, నేల గడ్డి మైదానంగానే మిగులుతుంది. మన దగ్గర కౌలు అంటే భూమి లేనివాడు భూమి ఉన్నవాడికి కట్టేది. ఇక్కడ సింహం కోసం వచ్చిన మనం పశువుల కాపరికి కడుతున్నాం. ఈ పద్ధతిలో చిక్కులు లేవని కాదు. 2020లో టూరిస్టులు ఆగిపోయినప్పుడు కౌలుకు కష్టమైంది. పశువుల్ని ఎక్కడ, ఎప్పుడు మేపాలన్న నియమాల మీద ఇప్పటికీ గొడవలున్నాయని క్యాంపులో మసాయి గైడ్ దాచకుండా చెప్పాడు. అయినా నా డబ్బు ఎటు పోతోందో కళ్లతో చూడగలిగింది ఇక్కడే.

రిజర్వ్‌లో కుదరనివి ఇక్కడ కుదురుతాయి. ఒక జంతువు దగ్గర అయిదు బండ్లకు మించి ఉండకూడదు. దారి దిగి గడ్డిలోకి వెళ్లొచ్చు. నడవొచ్చు, రాత్రిపూట తిరగొచ్చు.

సాయంత్రం నడక. ముందు మసాయి గైడ్, వెనక తుపాకీతో రేంజర్, మధ్యలో మేం. జంతువులు కనిపించినవి తక్కువ, వాటి జాడలు ఎక్కువ. ఒక పేడ కుప్ప దగ్గర గైడ్ ఆగి చెప్పబోతే నాన్న అప్పటికే పుల్లతో కదిపి, పీచు చూసి, ఏ జంతువో ఊహించేశాడు. దుమ్ములగొండి పెంట సున్నంలా తెల్లగా ఉంది, అది ఎముకల్ని కూడా అరిగించుకుంటుంది కాబట్టి. అక్కడి నుంచి ఇద్దరూ స్నేహితులైపోయారు. నాన్న ఇంగ్లిష్ ఉద్యోగం నాటి ఇంగ్లిష్, గైడ్‌ది లాడ్జి ఇంగ్లిష్. పశువుల దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ భాష అడ్డం రాలేదు.

రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో తిరిగాం. కుందేలు తల, కంగారూ కాళ్లున్న స్ప్రింగ్‌హేర్‌లు గెంతాయి. చారల తోకతో పునుగుపిల్లి లాంటి జెనెట్ ఒకటి కొమ్మ మీంచి చూసింది. క్యాంపుకి కంచె లేదు. టెంట్ నుంచి భోజనానికి వెళ్లాలన్నా కాపలా మనిషి వచ్చి తీసుకెళ్తాడు. పడుకునేసరికి దుప్పట్లో వేడినీళ్ల సంచి పెట్టి ఉంది. దూరంగా సింహం అరుపు. నాన్న తన మంచం మీంచి, "నిద్రపోయావా బిడ్డా?" అన్నాడు. లేదన్నాను. "నిద్రపోకు, విను" అన్నాడు.

ఎనిమిదో రోజు: సింహం, ఆవు

పొద్దున వాగు పక్క పొదల్లో ఒక ఆడసింహం, మూడు పిల్లలు. ఇంకో బండి లేదు. గైడ్ ఇంజన్ ఆపేశాడు. రెండు గంటల పది నిమిషాలు అక్కడే ఉన్నాం. పిల్లలు తల్లి తోకతో ఆడాయి, పాలు తాగాయి, పడుకున్నాయి. తల్లి లేచి నాలుగడుగులు వేసినప్పుడు నాన్న బైనాక్యులర్స్ దించకుండా అన్నాడు: "ఎడమ వెనక కాలు మోపట్లేదు." జీబ్రా తన్ని ఉంటుందన్నాడు గైడ్. "వాపు లేదు, చీము లేదు. తగ్గిపోతుంది" అన్నాడు నాన్న. జీవితమంతా చేసిన పనినే ఆయన మళ్లీ చేస్తున్నాడు. ఇన్నేళ్లలో అమ్మ పోయాక ఆయన మొహం అంత తేలిగ్గా ఉండటం నేను చూడలేదు.

దారిలో కొండవాలు మీద వైల్డ్‌బీస్ట్ గుంపు, పుట్టి రోజులైనా కాని పిల్లలతో. టాంజానియాలోని సెరెంగెటి నుంచి వచ్చే పెద్ద మందలు కావివి, ఈ లోయిటా మైదానాలవే. ఈ నెలల్లో మసాయిలు తమ ఆవుల్ని అటు తోలరని గైడ్ చెప్పాడు. ఆ పిల్లల నుంచి పశువులకు ప్రాణాంతకమైన జ్వరం వస్తుంది. దానికి కారణమైన వైరస్‌ని పట్టుకున్నది ప్లౌరైటే, మసాయిలకు మాత్రం అంతకు చాలా ముందే తెలుసు. ప్లౌరైట్ పేరు వినగానే నాన్న ఊరుకోలేదు. రిండర్‌పెస్ట్ 1890లలో ఈ నేల మీద మసాయిల పశువుల్నీ, వైల్డ్‌బీస్ట్‌నీ కలిపి తుడిచిపెట్టింది. ఆవులకు టీకాలు పడ్డాక అడవి మందలకూ ఆ రోగం రావడం ఆగింది. 1960ల మొదట్లో సెరెంగెటి-మారాలో రెండున్నర లక్షల చుట్టూ ఉన్న వైల్డ్‌బీస్ట్ 1970ల చివరికి 13 లక్షలు దాటాయి. లోకమంతా నది ఒడ్డున నిలబడి చూసే ఆ మహా వలస వెనక ఆవులకు వేసిన సూది ఉంది. మా అబ్బాయి తాత చెయ్యి వైపు చూశాడు. "నువ్వు వేసింది అదే సూదా తాతా?" "అదేరా."

మధ్యాహ్నం గైడ్ వాళ్లింటికి తీసుకెళ్లాడు. టూరిస్టుల కోసం పెట్టిన ఊరు కాదు, వాళ్ల సొంత ముళ్లకంచె కొట్టం. పది రోజులుగా ఒక దూడ మేత ముట్టట్లేదట. నాన్న దాని చెవి కింద చేయి పెట్టాడు, గ్రంథి ఉబ్బి ఉంది. పిడుదుల వల్ల వచ్చే ఈస్ట్ కోస్ట్ ఫీవర్. ఆ జబ్బు తెచ్చే థైలీరియా అనే పరాన్నజీవి మన దగ్గర వేరే రకం, మందు మాత్రం ఒకటే. నిన్ననే ఆ ఊరి పశువైద్య సిబ్బంది వచ్చి బుపార్వాక్వోన్ ఇచ్చి వెళ్లారని తెలిశాక నాన్న తల ఊపాడు. "సరిగ్గా చేశారు. నీళ్లు తాగించండి, నీడలో కట్టండి" అని చెప్పాడు. గైడ్ వాళ్లమ్మ పాలు పోసిన చాయ్ ఇచ్చింది. ఆమె, నాన్న ఒకరికొకరు అర్థంకాని భాషల్లో ఆ దూడ గురించే మాట్లాడుకున్నారు.

బెలూన్ ఎక్కుతారా అని రాత్రి క్యాంపులో అడిగారు. వద్దన్నాం. ఈ రోజులోకి ఇంకేం పట్టదు.

తొమ్మిదో రోజు: చిన్న విమానం

నైరోబీకి రోడ్డు మీద ఆరు గంటలు, విమానంలో ముప్పావు గంట. వెళ్లేటప్పుడు రోడ్డు మీద వెళ్లి దేశం చూడటం, వచ్చేటప్పుడు ఎగిరి రావడం పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను చెప్పే దారి. మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల సూట్‌కేసులు నైరోబీలో స్నేహితురాలింట్లో వదిలి వచ్చాం.

మట్టి రన్‌వే మీద జీబ్రాలు మేస్తున్నాయి. గైడ్ బండితో ఆ చివరి నుంచి ఈ చివరికి పోయి వాటిని తోలాడు, తర్వాత విమానం దిగింది. ఎక్కేముందు ఆయన నాన్న ఫోన్ తీసుకుని తన వాట్సాప్ నంబర్ ఎక్కించాడు.

హైదరాబాద్ వచ్చిన పన్నెండో రోజు పొద్దున నాన్న చాయ్ కప్పు పట్టుకుని నా గదిలోకి వచ్చి ఫోన్ చూపించాడు. ముళ్లకంచె ముందు ఆ దూడ నాలుగు కాళ్ల మీద నిలబడి గడ్డి నములుతోంది. ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, చెవి కింద చూస్తున్నాడు నాన్న.